కార్డు మందం ఎడం

అత్తాపూర్ దాటాక, పిల్లర్ నంబరు నూట నలభై మూడు కింద
రెండుసార్లు దగ్గి ఆగిపోయింది హెరాల్డ్.
ఎలా ఆగిందన్నది ముఖ్యం.
పెట్రోలు అయిపోయిన బండి
కునుకు పట్టినట్టు ఆగుతుంది, తూలి, సర్దుకుని, మళ్ళీ తూలి.
నిప్పు పోయిన బండి
మాట మధ్యలో ఫోను తెగినట్టు ఆగుతుంది.
ఇది తెగింది.

వాన అప్పుడే వెలిసింది.
చీర కుచ్చిళ్ళు దోపుకుని బానెట్ ఎత్తాను.
మడ్‌గార్డులతో సహా ముందుకి లేస్తుంది దీని నోరు.
ముందు టైరు మీద కూర్చోవచ్చు, పీట మీద కూర్చున్నట్టు.
డెబ్బై ఒకటేళ్ళ ఆడమనిషి ఇంజనుకి ఎదురుగా కూర్చుంటే
మెహదీపట్నం పోయే ట్రాఫిక్కంతా డాక్టరైపోతుంది.
"బ్యాటరీ పోయింది."
"హీటెక్కింది, నీళ్ళు పొయ్యండి."
"అమ్మెయ్యండమ్మా, ఇంకెందుకు."

ఒక్కడు మాత్రం ఏం చెప్పలేదు.
వీపున అన్నం డబ్బాల సంచి, పేరు లింగస్వామి,
"లైట్ పట్టాల్నా ఆంటీ?" అన్నాడు.

పంపు మీద గాజు గిన్నె చూశాను. నిండుగా ఉంది, నలక లేదు.
అయితే పెట్రోలు మీద అనుమానం వదిలేద్దాం.
వాజిద్ ఉస్తాద్ అనేవాడు రాణిగంజ్ షెడ్డులో, బీడీ చెవి మీద పెట్టుకుని:
ఏక్ వఖ్త్ మే ఏకీచ్ శక్ కర్నా.
ఒకసారికి ఒక్క అనుమానమే.

ప్లగ్గు తీగ పీకి ఇనుముకి గోరంత దూరంలో పట్టుకుని
తాళం తిప్పమన్నాను లింగస్వామిని.
తిప్పాడు. సెల్ఫ్ ఏడ్చింది.
నా వేళ్ళ దగ్గర చీకటి చీకటిగానే ఉంది.

డిస్ట్రిబ్యూటర్ మూత తీసి కొంగుతో తుడిచాను,
తడి లేదు, పగులు లేదు, రోటర్ బానే ఉంది.
"నాలుగో గేరులో వేసి నెట్టు. జానెడు. ఇంకో వేలెడు. ఆగు."
కామ్ ఎత్తు మీదకి వచ్చింది పాయింట్ల మడమ.
ఇప్పుడు విడిపోయి ఉండాలి రెండూ.
ఫోను లైటు అటునుంచి వేశాడు,
ఇటు వెలుతురు రాలేదు.

దొరికింది.
అరిగి అరిగి మడమ కుంగిపోయింది,
అంటుకుపోయాయి రెండు పాయింట్లూ.

"అంటుకుంటే మంచిదే కదా ఆంటీ, కరెంట్ పోతది?"
పోతుంది నాయనా. ఊరికే పోతుంది.
విడిపడే క్షణంలో పుడుతుంది నిప్పు.

నాకిది ఉస్తాద్ చెప్పలేదు.
ఆబిడ్స్ తారాఫీసులో ఇరవై రెండేళ్ళు
రాత్రి డ్యూటీల్లో మీట నొక్కిన దాన్ని.
నొక్కితే చుక్క, నొక్కిపెడితే గీత,
వదిలినప్పుడే అక్షరం.
వదలడం రాని కుర్రాళ్ళు పంపిన చావు కబురూ పెళ్ళి కబురూ
అవతల ఒక్కలాగే మోగేవి.

"టెలిగ్రామ్ నా ఫోన్ల కూడా ఉంది," అన్నాడు లింగస్వామి.
ఉంటుందిలే అన్నాను.

అగ్గిపెట్టె పక్కతో పాయింట్లు గీకాను, నల్లటి పొడి రాలింది.
ఎడం కొలిచే రేకు ఇంట్లో మర్చిపోయాను.
పర్సులో వెతికితే తగిలింది ఉస్తాద్ విజిటింగ్ కార్డు.
ఏడంకెల నంబరు. షెడ్డు ఉన్నచోట ఇప్పుడు టైల్స్ షాపు.
ఉస్తాద్ పోయి కరోనా రెండో ఏడుకి ఎన్నాళ్ళో లెక్కపెట్టుకోవాలి.
కార్డు మందం మాత్రం అదే.
పాయింట్ల మధ్య పెట్టి, స్క్రూ బిగించి,
మెల్లగా లాగాను. కొంచెం పట్టి వదిలింది.
అంతే ఉండాలి.

తాళం తిప్పాడు. రెండో తిప్పుకే అందుకుంది.
లింగస్వామి ఈల వేశాడు, అప్పుడే ఫోను మోగింది,
"వస్తున్న సార్, ఒక యాక్సిడెంట్ అయింది, నాకు కాదు సార్,"
అబద్ధం చెప్తూనే బైకెక్కి, చెయ్యూపి పోయాడు.
డబ్బులివ్వడానికి పర్సు తెరిచే ఉంది నా ఒళ్ళో.

నూనె మరక పడ్డ కార్డు మళ్ళీ అందులోనే పెట్టాను.
హెరాల్డ్ అంటే వార్త మోసేవాడని అర్థమట.
లంగర్ హౌజ్ దాకా టిక్కు టిక్కున ఏదో పంపుతూనే ఉంది.
చెవి దానంతటదే విడగొట్టబోయింది.
నేను రాసుకోలేదు.